ప్రామాణిక భారం

మా సంస్థలో ఎవరి టూత్‌బ్రష్‌కూ పిడి ఉండదు. ఉంటే మెమో వస్తుంది. నాకు ఒకసారి వచ్చింది కూడా. పాత బ్రష్షు అరిగిపోతే కొత్తది కొన్నాను గాని, పిడి విరగ్గొట్టడం మరిచిపోయాను. ‘భారవిముక్త సంస్కృతి పట్ల అలసత్వం’ అని రాశారందులో. ఆ రోజు నుంచి రెండు వేళ్ళు నోట్లోకి తోసి పళ్ళు తోముకుంటున్నాను. మా ఆవిడ చూసినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటుంది.

సంస్థ అంటే రాష్ట్ర దూరనడక అభివృద్ధి సంస్థ. నేనందులో కాటా సహాయకుణ్ణి. పేరు గౌరీశ్వరరావు, అందరూ గౌరీసు అంటారు. అంతకుముందు బియ్యం గోదాములో బస్తాలు తూచేవాణ్ణి. కాటా తెలిసినవాడు కావాలని నన్నిక్కడికి పంపారు. నడక సంస్థకు కాటా ఎందుకని అప్పట్లో నేనూ అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

మా ఎం.డి. చిత్రభాను గారు ఏదో చల్లటి దేశానికి అధ్యయన యాత్రకు వెళ్ళొచ్చారు. అక్కడ జనం నెలల తరబడి కొండల్లో నడుస్తారట. వీపున సంచి ఒక్కటే. అది ఎంత తేలిగ్గా ఉంటే అంత గొప్ప. డేరా తేలిక, గిన్నె తేలిక, చెప్పులు తేలిక. అది చూసి వచ్చినప్పటి నుంచి ఆయన నేల మీద నిలవలేదు. మొదటి మీటింగులోనే జేబులోంచి టూత్‌బ్రష్ తీసి, అందరూ చూస్తుండగా టప్పున విరిచారు.

“మిత్రులారా! మనిషి నడవలేకపోవుటకు కారణం కాళ్ళు కాదు, సామాను. ఈ క్షణం నుంచి మన సంస్థ భారవిముక్తి దిశగా తొలి అడుగు వేయుచున్నది.”

అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు ఆఫీసర్లందరూ విరిగిన బ్రష్షులు జేబులో పెట్టుకుని కార్లు దిగారు.

నడవడానికి దారి కావాలి కదా. మా తూర్పు కొండల్లో కుంకుళ్ళగెడ్డ నుంచి గాలిగుమ్మం దాకా ఎక్కే దారిని ఎంచుకున్నారు. మావాళ్ళు దాన్ని ఉప్పుదారి అంటారు. పూర్వం మైదానం నుంచి ఉప్పు నెత్తిన పెట్టుకుని ఎక్కి, పసుపూ చింతపండూ నెత్తిన పెట్టుకుని దిగేవారు. సంస్థ దానికి ‘మేఘపథం’ అని పేరు పెట్టింది. దారి పొడుగునా అక్కడక్కడ మనిషి భుజమెత్తు బండలుంటాయి. నెత్తి మీద తట్ట ఉన్న మనిషి పక్కవాడి సాయం అడగకుండా దాని మీదికి తట్ట జార్చుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నెత్తికెత్తుకోవచ్చు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఖాళీ చేతులతో ఎక్కేవాళ్ళు, బరువు మోసే మనిషి దగ్గర ఏదో ఒకటి అందుకుని తర్వాతి బండ దాకా మోస్తారు. ఉల్లిపాయల మూటో, నూనె సీసానో. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు గాని, చేతులూపుకుంటూ ఎక్కేవాణ్ణి ఆ దారిలో ఎవరూ పలకరించరు.

పైన, గాలిగుమ్మంలో, ఒకటే పాక. అది మా అత్తది. పేరు అసిరితల్లి. మామయ్య పోయాక ఆ పాకలో అన్నం వండి, దారినపోయేవాళ్ళకు పెట్టి, ఆ సంపాదనతోనే కూతుర్ని పెంచి నా చేతిలో పెట్టింది. వారానికి రెండుసార్లు తట్టలో బియ్యం, పప్పు, ఎండు నెత్తళ్ళ చేపలు పెట్టుకుని కొండెక్కుతుంది. ఆ దారిలో తిండి దొరికేది ఆ ఒక్క చోటే. సంస్థ కరపత్రంలో కూడా వేశారు. ‘ఆహారం మోయనవసరం లేదు. శిఖరాన వేడివేడి భోజనం స్వయంగా మీకు ఎదురవుతుంది’ అని. ఆ ‘స్వయంగా’ అన్న మాట నాకు బాగా నచ్చింది. బియ్యానికి కాళ్ళున్నట్టు అనిపించింది.

కొండ కింద గేటు పెట్టి, గేటు పక్కన నన్నూ కాటానూ కూర్చోబెట్టారు. నడకరి సంచి అయిదు కిలోలు మించకూడదు. మొదట్లో అంతే, బాగానే ఉండేది. ఆ తర్వాత సామాను అమ్మే కొట్టు తెరిచారు. బరువు తగ్గించడానికి చిల్లులు పొడిచిన చెంచాలు అమ్మారు. వానొస్తే కోటు, ఎండొస్తే గొడుగు, రాత్రయితే డేరా అయ్యే గుడ్డ ఒకటి అమ్మారు. “రాత్రి వానొస్తే ఏం చేయాలండీ?” అని ఒకాయన అడిగాడు. ఆయన మనసులో ప్రతికూల భావాల భారం ఉందని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేశారు.

తర్వాత మంగళసూత్రాల సంగతి వచ్చింది. దాని మీద ఉపసంఘం వేశారు. అది భావోద్వేగ భారం కనుక తూకంలోకి రాదని ఉపసంఘం తేల్చింది. అత్తవారు పెట్టిన మిగతా నగలు మాత్రం తూకంలోకి వస్తాయంది. ఆ పూట గేటు దగ్గర రెండు కాపురాల్లో గొడవలయ్యాయి.

ఇంతలో భార నియంత్రణ ప్రత్యేకాధికారిణిగా విద్యుల్లత గారు వచ్చారు. ఆమెకు రూలు అంటే ప్రాణం. అందులో సందు కనబడితే అన్నం సహించదు. “నడకరి అనగా ఎవరు? నిర్వచనం లేదే!” అని మొదటి రోజే అడిగారు. రెండో రోజుకు నిర్వచనం వచ్చింది. ‘మేఘపథముపై కాలు మోపిన ప్రతి వ్యక్తీ నడకరియే.’

చదివి, బాగుంది అనుకున్నాను. నా బుర్ర అంత చురుకైనదైతే గోదాములోనే పైకొచ్చేవాణ్ణి.

ఆ మంగళవారం ఎం.డి. గారూ విద్యుల్లత గారూ తనిఖీకి వచ్చి గేటు దగ్గర నిలబడి ఉండగా, మా అత్త తట్టతో వచ్చింది.

“ఏటి బాబూ, గేటేసినావు? తియ్యి, ఎండెక్కిపోతంది.”

“అత్తా, తట్ట కాటా మీద పెట్టాలి.”

“ఎందుకూ? నానేటి అమ్మడానికొచ్చినానా?”

ఎం.డి. గారు ముందుకొచ్చి, చేతులు జోడించి, ఎంతో మర్యాదగా చెప్పారు. “అమ్మా, తమరు నడకరి. నడకరి భారం అయిదు కిలోలు మించరాదు.”

“నడకరంటే ఏటి బాబూ?”

“నడిచే వ్యక్తి.”

“నడవకపోతే ఎలగెల్తాను? ఎగిరెల్తానా?”

“ఎగురుట మా పరిధిలోనిది కాదు, అది వేరే శాఖ,” అన్నారు విద్యుల్లత గారు.

తట్ట కాటా మీద పెట్టాను. ముల్లు అయిదు దాటి, అక్కడ ఎవరూ ఊహించని చోటు దాకా వెళ్ళిపోయింది. ఎం.డి. గారు రెండడుగులు వెనక్కి వేశారు, పాము కనబడ్డట్టు.

“పోనీ, కూసింత కూసింత సేసి నాలుగు మాట్లు ఎక్కుతాను,” అంది అత్త.

“ఒకే వ్యక్తి పలుమార్లు ఎక్కినచో భారాలను కూడవలెను,” అన్నారు విద్యుల్లత గారు.

“దారిన పోయినోలు తలా ఒకటీ అందుకుంతారు. అది మా అలవాటేనమ్మా.”

“అది భార బదిలీ. దానికి వేరే సెక్షను పెట్టాం.”

అత్త ఇద్దర్నీ చూసి, ఆనక నా వైపు తిరిగింది. మామూలుగా నన్ను ‘బాబూ’ అంటుంది. కోపం వస్తే మర్యాద పెరుగుతుంది.

“అల్లుడుగోరూ! తమరే సెప్పండి. ఈ తట్ట నాను మొయ్యకపోతే పైకొచ్చినోలు ఏటి తింతారు?”

నేను నోరు విప్పేలోపే ఎం.డి. గారు చిరునవ్వు నవ్వారు. “దానికి దిగులెందుకమ్మా? శిఖరాన భోజనం ఉంది. మా కరపత్రంలో వేశాం.”

“ఆ బోజనం నాదే బాబూ!”

“చాలా సంతోషం. ఇంకేం మరి, ఇబ్బందే లేదు.”

అత్త తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఎం.డి. గారు నా భుజం తట్టి, “స్వంత అత్తగారిని ఆపినవాడివి, నీలాంటివాళ్ళే సంస్థకు వెన్నెముక,” అన్నారు. ఇంటికెళ్ళాక నా సంగతి ఏమవుతుందో ఆయనకేం తెలుసు.

ఇక ప్రారంభోత్సవం దగ్గర పడింది. పాలకమండలి సభ్యులందరూ కలిసి మేఘపథం ఎక్కుతారు. అందరికన్నా తేలిగ్గా ఎక్కినవారికి బంగారు రంగు వేసిన సగం బ్రష్షు బహుమతి. అక్కడే విద్యుల్లత గారికి ఒక సందు కనబడింది. “ఒకాయన సంచిలోని అరటిపళ్ళు గేటు ముందే తినేసి ఎక్కితే? బరువు సంచిలోంచి కడుపులోకి మారిందే తప్ప తగ్గలేదు కదా!” అన్నారు. అందరూ దిగ్భ్రాంతి చెందారు. ఎం.డి. గారు కళ్ళు మూసుకుని ఆలోచించి, కడుపు కూడా సంచే అని తీర్పు చెప్పారు. ముందురోజు మనిషిని ఒట్టిగా తూచాలి. మర్నాడు పొద్దున ఎంత పెరిగితే అదంతా సామాను కింద లెక్క.

ఆ ఆర్డరుతోపాటే ఇంకొకటి కూడా వచ్చింది. ‘ప్రారంభోత్సవమునాడు పొయ్యి వెలగని కట్టడాలను నిరుపయోగ భారముగా పరిగణించి తొలగించవలెను. ఆ స్థలమున మౌనధ్యాన వేదిక నిర్మించబడును.’

మేఘపథం మీద పొయ్యి ఉన్న కట్టడం మా అత్త పాక ఒక్కటే. పైన కట్టెలున్నాయి, చింతపండుంది, మిరపకాయలున్నాయి, ఎండు చేపలు కూడా కాసిని మిగిలున్నాయి. లేనిదల్లా బియ్యం.

ప్రారంభోత్సవానికి ముందురోజు రాత్రి ఆ మాట ఎత్తగానే మా ఆవిడ మంగవేణి కంచం ముందునుంచి లేచిపోయింది.

“మాయమ్మ పాక కూల్చేస్తే నానూ ఎల్లి ఆ బండ మీదే కూకుంతాను. మీరూ మీ కాటా కాపరం సేసుకోండి.”

“నన్నేం చేయమంటావు? గింజ కూడా గేటు దాటకూడదు. దాటితే నా ఉద్యోగం పోతుంది.”

“మాయమ్మ నిన్నట్నించి ముద్ద ముట్టనేదు. తెలుసా మీకు?”

తెలుసు. ఆ పొద్దున్నే కాటా మీద నిలబెట్టి తూచాను. ‘నా పాక కాడ నిలబడే ఉంతాను, ఎవడు కూలుస్తాడో సూస్తాను’ అని వచ్చింది. ఎక్కేవాళ్ళందర్నీ ముందురోజు తూచాలి కాబట్టి ఆవిణ్ణీ తూచాను. కాటా మీద ఉన్నంతసేపూ నా మొహం చూడలేదు. నాకు కన్నతల్లి లేదు. పెళ్ళయిన కొత్తలో నాకు కామెర్లు వస్తే ఆవిడే కొండ దిగొచ్చి, నెల్లాళ్ళు ఉండి, సేవ చేసింది. అలాంటి మనిషిని కాటా ఎక్కించి తూచాను. సిగ్గేసింది.

మంగవేణి చూపు గుమ్మం పక్కనున్న గుడ్డ సంచి మీద పడింది. “అందులో ఏటున్నాది?”

“ప్రామాణిక భారం. పది కిలోల ఇనుము. కాటా సరిగ్గా ఉందో లేదో చూడడానికి. దారిలో ఎవరి బరువైనా పెరిగిందేమో పైన మళ్ళీ తూస్తారట. అందుకని రేపు కాటానూ దాన్నీ నేనే మోసుకెళ్ళాలి.”

“దాన్ని తూస్తారేటి?”

“దాన్నెలా తూస్తారే? దానితోనే కదా తూచేది.”

“ఇప్పి సూస్తారేటి?”

“సీలుంటుంది. సీలు చూస్తారు.”

“సీలెవరేస్తారు?”

“నేనే.”

ఆవిడ లోపలికెళ్ళి, ఆ మంగళవారం వాళ్ళమ్మ మా ఇంట్లో దించి వెళ్ళిన తట్టలోంచి బియ్యం చేటతో తెచ్చి నా ముందు పోసింది. ప్రభుత్వ తూనికను మార్చినవాడికి ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా. కాసేపు బియ్యాన్ని చూశాను, కాసేపు ఇనుమును చూశాను. ఆఖరికి ఇనుము అటక మీద పెట్టి, బియ్యం సంచిలో పోశాను. పది కిలోలకు సరిగ్గా తూచి మరీ పోశాను. ప్రామాణిక భారం తప్పు తూగితే నాకు నామోషీ.

ప్రారంభోత్సవం నాటి పొద్దున పాలకమండలి మొత్తం దిగింది. రాత్రి నుంచి ఒక్కరూ ఏమీ తినలేదు. ఒక సభ్యుడు కనుబొమ్మలు కూడా గీయించుకొచ్చాడు. ఒకాయన కళ్ళజోడుకు ఒక కాడే ఉంది, నడిచినంతసేపూ తల ఒక పక్కకు వంచే ఉండాలి. ఎం.డి. గారు కలంలోని రీఫిలు మాత్రం తెచ్చారు. కాగితం ఆయన తేలేదు, ఎవరూ తేలేదు. సెల్‌ఫోన్లన్నీ కింద బుట్టలో పెట్టించారు.

ముందు కాటా సరిచూడాలి. సంచి దాని మీద పెట్టాను. ముల్లు పది దగ్గర నిలబడింది. విద్యుల్లత గారు సీలు చూసి, ముల్లు చూసి, “కచ్చితం,” అన్నారు.

ఆ తర్వాత ఒక్కొక్కర్నే ఎక్కించాం. అందరి చివరా మా అత్త వచ్చింది, ఒట్టి చేతులతో. కాటా ఎక్కింది. ముందురోజు అంకె కన్నా తక్కువ వచ్చింది. కోపంతో తిండి మానేసిన మనిషి కదా. విద్యుల్లత గారు రెండుసార్లు చూసుకున్నారు.

“సార్! ఈమె భారం శూన్యం కన్నా తక్కువ!”

ఎం.డి. గారి కళ్ళు చెమర్చాయి. “నేను దేశాలు తిరిగి వెతికిన నడకరి ఇక్కడే ఉంది!” అని బంగారు బ్రష్షు తెచ్చి మా అత్త చేతిలో పెట్టారు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పింది. “ఇరిగిపోనాది గదా బాబూ,” అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

నడక మొదలైంది. వాళ్ళు ముందు, నేను వెనక. కాటా వీపున కట్టుకున్నాను, ప్రామాణిక భారం నెత్తిన పెట్టుకున్నాను. నన్నెవరూ తూచలేదు. తూచే వస్తువును తూచరాదు, దాన్ని మోసేవాణ్ణి లెక్కించరాదు అని రూలు. పది కిలోల ఇనుమైనా పది కిలోల బియ్యమైనా మెడకు తేడా తెలియదు. మొదటి మలుపుకే మెడ పట్టేసింది. అల్లంత దూరంలో తట్టలు దించుకునే బండ కనబడితే ప్రాణం లేచొచ్చింది. తీరా వెళ్తే దాని మీద కనుబొమ్మల్లేని సభ్యుడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పక్కన బోర్డు ఉంది, ‘మానసిక భార విసర్జన స్థలి’ అని.

“సార్, కాస్త జరుగుతారా?”

“ష్! విసర్జిస్తున్నాను.”

నెత్తి మీద సంచితో అలాగే నిలబడ్డాను. పై మలుపు నుంచి మా అత్త చూసింది. గబగబా దిగొచ్చింది.

“ఇటియ్యి బాబూ. ఆ పై బండ దాకా నాను ఒట్టుకుంతాను.”

“ఆగండి! భార బదిలీ!” అని పైనుంచి విద్యుల్లత గారు కేక పెట్టారు.

అత్త చేతులు గాల్లోనే ఆగిపోయాయి. చుట్టూ ఇరవై మంది, నలభై ఖాళీ చేతులు. “సేతులు ఖాళీగెట్టుకుని, మనిసి ఇలగ కుంగిపోతంటే సూస్తా ఎల్లడం నా జల్మలో ఎరగను,” అంది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. నాది నడుం నొప్పి వల్ల కావచ్చు.

ఎలాగో గాలిగుమ్మం చేరాం. చేరగానే వాన అందుకుంది. కోటూ గొడుగూ డేరా అయ్యే ఆ గుడ్డను కొందరు కోటు చేసుకున్నారు, కొందరు డేరా వేసుకోబోయారు. గాలికి డేరాలు కోట్లయ్యాయి, కోట్లు జెండాలయ్యాయి. అందరూ పరుగున మా అత్త పాకలోకి దూరారు. చలి, ఆకలి. ఒకాయనకు కళ్ళు తిరిగి గుంజకు ఆనుకున్నాడు.

అత్త చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది.

“భోజనం ఏదమ్మా?” అన్నారు ఎం.డి. గారు.

“నేదు బాబూ.”

“అదేమిటి! కరపత్రంలో ఉందే!”

“అయితే కరపత్రమే తినండి.”

దాన్ని కూడా ఎవరూ మోసుకురాలేదు.

“నాను ఏటీ మొయ్యనేదు గదా,” అంది అత్త, బంగారు బ్రష్షు చూపించి. “అందుకే గదా ఇదిచ్చినారు.”

విద్యుల్లత గారు గుంజ పట్టుకుని నిలబడి పొయ్యి వైపు చూశారు. పాపం, గొంతు పైకి రావడం లేదు. అయినా రూలు చదివారు. “పొయ్యి వెలగలేదు. కావున ఈ కట్టడం నిరుపయోగ భారం...”

అత్త పాక గుంజను రెండు చేతులా పట్టుకుంది. అంతసేపూ గట్టిగా మాట్లాడిన మనిషి, ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనబడింది. ఇక చెప్పక తప్పదు.

“సార్... ప్రామాణిక భారం ఉంది సార్.”

“దాన్నేం చేసుకుంటామయ్యా?” అని విసుక్కున్నారు ఎం.డి. గారు.

“ఉడుకుతుంది సార్.”

సీలు తెంపి సంచి విప్పాను. ఇరవై తలలు ఒక్కసారి వంగి అందులోకి చూశాయి. ఎం.డి. గారి మొహం ఎర్రబడింది.

“గౌరీశ్వరరావ్! ఇది ప్రభుత్వ తూనికల పట్ల ద్రోహం! దీనికి శిక్ష ఏమిటో తెలుసా నీకు?”

“తెలుసు సార్.”

ఆయన ఇంకేదో అనబోయారు. ఈలోపు కళ్ళు తిరిగిన సభ్యుడు గుంజ దగ్గర్నుంచి నీరసంగా అడిగాడు. “సన్నబియ్యమా?”

“సన్నాలే సార్.”

ఇక ఎం.డి. గారి మాట ఎవరూ వినిపించుకోలేదు. అక్కడికక్కడే పాలకమండలి అత్యవసర సమావేశం జరిగింది. ‘ప్రజాప్రయోజనార్థం ప్రామాణిక భారమును వండుటకు అనుమతించడమైనది’ అని ఏకగ్రీవంగా తీర్మానించారు. నోటిమాట చెల్లదు, రాతపూర్వకంగా ఉండాలన్నారు విద్యుల్లత గారు. కాగితం లేదు. మా అత్త విస్తళ్ళ కోసం ఎండబెట్టిన అడ్డాకు ఒకటి లాగి, ఎం.డి. గారు రీఫిలుతో దాని మీద రాసి, సంతకం పెట్టారు. అత్త అప్పటికే పొయ్యి రాజేసింది.

అన్నం ఉడికిన వాసనకు సభ్యులందరూ వరసగా కూర్చున్నారు, ఎవరూ చెప్పకుండానే. నెత్తళ్ళ పులుసు పోస్తే, చిల్లుల చెంచాల్లోంచి పులుసంతా ఒళ్ళోకి కారింది. చెంచాలు అవతల పడేసి చేతులతో కలుపుకున్నారు. ఎం.డి. గారు మూడుసార్లు మారు వడ్డించుకున్నారు. విద్యుల్లత గారు గిన్నె అడుగున మాడు ఉందా అని మెల్లగా అడిగి మరీ పెట్టించుకున్నారు. ప్రామాణిక భారంలో ఒక్క మెతుకు మిగల్లేదు. ఎం.డి. గారు ఆర్డరు రాసిన ఆ అడ్డాకులోనే కళ్ళు తిరిగిన సభ్యుడికి అన్నం పెట్టేసింది అత్త. ఆయన తిన్నాక బయట పడేస్తే, ఆ ఆకును దారినపోయే మేక ఒకటి తినేసింది.

“కాటా వేయమంటారా మేడమ్?” అని అడిగాను. దారిలో బరువు పెరిగినవాళ్ళను తూచాలి కదా. అందరూ పొట్టలు చేతులతో కప్పుకున్నారు. విద్యుల్లత గారు ఖాళీ సంచి వైపు చూశారు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆమె మొహంలో నిశ్చింత కనబడింది.

“ప్రామాణిక భారం లేకుండా కాటా చెల్లదు,” అన్నారు.

పొయ్యి వెలిగింది కాబట్టి పాక నిలబడింది. నా మీద చర్య తీసుకోవాలంటే సంచిలో ఏముందో రాయాలి, అది ఏమైపోయిందో కూడా రాయాలి. అందుకని సంస్థ నివేదికలో ఇలా రాశారు. ‘శిఖర ప్రాంతమున ప్రామాణిక భారము క్రమేణ తగ్గి శూన్యమైనది. ఇది భారవిముక్త విధానమునకు లభించిన అపూర్వ విజయము.’ కొత్త ప్రామాణిక భారం కోసం టెండరు పిలిచారు. సంస్థ విధానం ప్రకారం అది కూడా తేలిగ్గా ఉండాలి. తేలికైన పది కిలోల రాయి చేసిపెడతామని ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. అది వచ్చేదాకా కాటా చెల్లదు, కాటా చెల్లనంతకాలం గేటు దగ్గర నేను ఎవర్నీ ఆపలేను. రూలు మాత్రం బోర్డు మీద అలాగే ఉంది. అసలు ఇనుము ఎక్కడుందని నన్నెవరూ అడగలేదు. గాలిగుమ్మంలో గాలెక్కువ, అది మా అత్త పాక కప్పు ఎగిరిపోకుండా ఆపుతోంది.

వానలు తగ్గాక ఒక ఆదివారం ఎం.డి. గారు ఒక్కరే వచ్చారు. పులుసు గుర్తొచ్చి వచ్చారని నా అనుమానం. వీపున చిన్న సంచి, జేబులో సగం బ్రష్షు, రెండు చేతులూ ఖాళీ. అప్పుడే మా అత్త గేటు పక్క బండ మీద తట్ట దించి, చెమట తుడుచుకుంటోంది. నాతో ఏదో చెబుతున్నదల్లా ఆయన్ని చూసి ఆగింది. తట్టలోంచి ఉల్లిపాయల మూట తీసి చేతికిచ్చింది.

“ఒట్టుకో బాబూ. పై బండ దాకా సాలు.”

ఎం.డి. గారు అటూ ఇటూ చూశారు. విద్యుల్లత గారు లేరు. మూట అందుకుని, చేత్తో పైకీ కిందికీ ఊపి చూసి, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

“గౌరీసూ, ఇది ఎంత బరువుంటుందంటావు?”

“ఏమో సార్,” అన్నాను గేటు తీస్తూ. “ప్రామాణిక భారం మీరు తినేశారు కదా.”